బతికున్న అత్తమ్మకు శోకాలు

మా అత్తమ్మ పోయిన రోజు గురించి చెబుతాను. కంగారు పడకండి, ఆమె ఇప్పుడు పక్క గదిలో కూర్చుని సీరియల్లో ఆడపడుచును నోరారా తిడుతోంది. ఆ రోజు ఆమెను చంపింది నేనే. చేత్తో కాదు, నోటితో. హన్మకొండలో మా వాడకట్టు మొత్తం ఏడ్చింది, మా దుకాణం షట్టరు పట్టపగలు దిగింది, నా కాపురం మాత్రం దేవుడి దయ వల్ల మిగిలింది.

నేను పుట్టింది తెలుగింట్లోనే కానీ పెరిగింది నాగపూర్‌లో. మా ఇంట్లో ఎవరైనా పోయారని ఫోన్ వస్తే నాన్న టీవీ కట్టేసేవాడు, అమ్మ ఆ పూటకు పచ్చడితో సరిపెట్టేది. దుఃఖం అంతటితో సరి. తర్వాత ఎం.ఏ. ఇంగ్లీషు చదివాను. పెళ్ళయి హన్మకొండ వచ్చాక ఒక డిగ్రీ కాలేజీలో ట్రాజెడీ గురించి పిల్లలకు పాఠం చెప్పడం మొదలుపెట్టాను. జాలి, భయం, గొప్పవాడి పతనం. విషాదం మీద నాకున్నంత అధికారం ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ లేదని నా గట్టి నమ్మకం.

అత్తగారి వాళ్ళది కిరాణా వ్యాపారం. పెళ్ళయిన కొత్తలో మామయ్య స్నేహితుడొకాయన పోతే అత్తమ్మ నన్ను పరామర్శకు తీసుకుపోయింది. అందరూ ఏడుస్తున్నారు. నేను హుందాగా వెళ్ళి ఆయన భార్య చేయి పట్టుకుని, "సారీ ఫర్ యువర్ లాస్, ఆంటీ" అన్నాను.

ఆమె ఏడుపు ఆపి, కొంగుతో ముక్కు తుడుచుకుని, "లాసేం లేదు బిడ్డా. దుకాణం మంచిగనే నడుస్తాంది" అంది.

ఆటోలో ఇల్లు చేరాం. గేటు దగ్గర అత్తమ్మ, "సదువు మంచిగనే సదివినవ్ బిడ్డా. ఏడుపే రాదు నీకు" అంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ములుగులో అత్తమ్మ వాళ్ళ పెద్దమ్మ పోయింది. పసితనంలోనే తల్లి పోయిన అత్తమ్మను ఆమే పెంచింది. మంగళవారం అందరూ కారులో వెళ్ళి వచ్చారు. నాకు పరీక్షల డ్యూటీ ఉండి వెళ్ళలేకపోయాను. ఆదివారం నన్ను పలకరింపుకు తీసుకుపోతానంది అత్తమ్మ.

"నన్ను పెంచిన తల్లి. ఆ గడప తొక్కంగనే నువ్వు ఏడ్వాలె. మొద్దు లెక్క నిలబడితివా, తల్లి లేని పిల్ల, కోడల్ని గూడ తెల్వక తెచ్చుకున్నదంటరు. నా మొఖం ఏడ వెట్టుకోవాలె?"

ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్ళు నిండిపోయాయి. నాకు గుండెలో కలుక్కుమంది. తల్లి లేని పిల్ల అన్న మాట ఆ వయసులో కూడా ఆమెను వదల్లేదు. ఇక లాభం లేదు, నేర్చుకోవాల్సిందే అనుకున్నాను.

"ఎట్లా ఏడవాలి అత్తమ్మా?"

"మొదలు వరుస పెట్టి పిలువాలె. ఏమేం జేసిపెట్టిందో యాది జేయాలె. ఇగ నాకెవలు పెడుతరని నిలదీయాలె."

"పోయినవాళ్ళను నిలదీయడమేమిటి?"

"మరి బతికున్నోళ్ళను నిలదీస్తే ఊకుంటరా?"

ఇంత సూటి మాట నా ఎం.ఏ. నోట్సులో ఎక్కడా లేదు.

శనివారం పొద్దున అత్తమ్మ ఫోన్ ఛార్జింగులో పెట్టి మార్కెట్‌కు పోయింది. మగవాళ్ళు దుకాణంలో ఉన్నారు. ఇంట్లో నేనొక్కదాన్నే. వంటింట్లో పీట వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఓ పెద్దమ్మో" అని మొదలుపెట్టాను. అక్కడే ఆగిపోయింది. ఆమెను నేను చూసింది పెళ్ళిలో ఒక్కసారి. 'పిల్ల బక్కగున్నది' అని నా దండ చేయి పిసికి చూసింది. దాన్ని రాగంలో పెట్టడం ఎంత గొప్ప కళాకారిణికైనా కష్టమే. సరుకు లేకుండా దుకాణం ఎట్లా తెరుస్తాం? రోజూ నాకు చేసిపెట్టే మనిషిని తీసుకుంటే పోలా? ప్రాక్టీసే కదా.

"ఓ అత్తమ్మో... ఏడికి వోతివే అత్తమ్మో... పొద్దుగాల్నే సర్వపిండి చేసి పెడుదువు గదనే అత్తమ్మో... ఇగ నాకెవలు పెడుతరే అత్తమ్మో..."

అబద్ధమెందుకు, రాగం అద్భుతంగా కుదిరింది. కాస్త కన్నీరు కూడా వచ్చింది. నా ప్రతిభకు నేనే మురిసిపోయి గొంతు పెంచాను. వంటింటి కిటికీ సందు వైపు బార్లా తెరిచి ఉందన్న సంగతి మరిచిపోయాను.

ఎవరో దబ్బున వచ్చి నా మెడ మీద పడ్డారు. కళ్ళు తెరిస్తే పక్కింటి సుగుణ ఆంటీ.

ఈమె గురించి ఒక మాట చెప్పాలి. రెండేళ్ళ కింద ఒక పెళ్ళిలో, పదిమంది ముందు, 'వాళ్ళ దుకాణంల పసుపుల పిండి కలుస్తది' అన్నది ఈవిడే. అప్పటి నుంచి రెండిళ్ళకూ మాటల్లేవు. అటువంటిది పెద్దమ్మ పోయిందని తెలిసి పగ మరిచి వచ్చింది. ఎంత సంస్కారం అనుకున్నాను.

"ఎప్పుడైంది బిడ్డా?" అంది వెక్కుతూ.

"మంగళవారం, ఆంటీ."

"గందుకేనా ఆ దినం అందరు కార్ల వోయిండ్రు? ఏడ జరిగింది?"

"ములుగులో."

"దహనం గూడ అయిందా?"

"ఆ రోజే అయిపోయింది."

సుగుణ ఆంటీ నెత్తి కొట్టుకుంది. "గోడవక్కన ఉండి ఆఖరి సూపుకు నోసుకోకపోతినే అక్కో... నీ పసుపు బంగారమే అక్కో... నా పాడు నోరు గట్లంటినే అక్కో..."

ములుగు పెద్దమ్మను ఈమె అక్కా అంటుందేమిటి, ఆమెకూ పసుపుకూ ఏమిటి సంబంధం అనిపించింది. కానీ ఈ ఊరి వరుసలు నాకింకా పట్టుబడలేదు లెండి. ఆమె రాగం మాత్రం నాకంటే చాలా బాగుంది. నేర్చుకుందామని నేనూ గొంతు కలిపాను.

ఇంతలో ఎదురింటి రజియా ఖాలా వచ్చింది. ఆమె శోకాలు పెట్టలేదు. నా పక్కన కూర్చుని, తల మీద చేయి వేసి, "సబర్ చెయ్ బిడ్డా, ఓర్సుకో. అందరం ఆయన దగ్గరికే పోవాలె" అని ఊరుకుంది. ఆ చేతి బరువుకు నిజంగానే గుండె నెమ్మదించింది. ఏ భాషకు ఆ భాషలో ఎంత చక్కగా దుఃఖపడతారో అని నేను గమనించుకుంటూ ఉండగా ఖాలా మెల్లగా అడిగింది.

"మంగళారం అంటాన్నవ్. మరి నిన్న కొత్తిమీర కోసం బండాయనతోని లొల్లి పెట్టుకున్నదెవలు బిడ్డా?"

వీళ్ళు ఏడుస్తున్నది ఎవరికోసమో అప్పటికి గానీ నాకు వెలగలేదు.

"అయ్యో ఖాలా, పోయింది అత్తమ్మ కాదు. అత్తమ్మ బతికే ఉంది."

సుగుణ ఆంటీ నన్ను ఇంకా గట్టిగా కావలించుకుంది. "గట్లనే అనిపిస్తది బిడ్డా. మా ఆయన వోయినప్పుడు నాగ్గూడ గట్లనే అనిపించింది."

అప్పటికి గుమ్మం ముందు చెప్పులు కుప్పపడ్డాయి. నా ఫోన్ టింగుమంది. వాడకట్టు గ్రూపులో ఎవరో పిల్లాడు 'ఆర్ఐపీ ఆంటీ' అని పెట్టాడు. ఆలూ లేదు చూలూ లేదన్నట్టు, శవం లేదు పాడె లేదు, నివాళి మాత్రం వచ్చేసింది. దాని కింద దండాల వరుస. మరుక్షణం మా ఆయన ఫోన్.

"అమ్మకేమైంది?"

"ఏమీ కాలేదు."

వెనక నుంచి సుగుణ ఆంటీ, "ఓ అక్కో..."

"ఏం కాకపోతే ఆ ఏడుపేంది?"

"అది సుగుణ ఆంటీ."

"సుగుణ ఆంటీ మనింటికచ్చిందా?" అని ఆయన బావురుమన్నాడు. ఫోన్ కట్టయింది. అంతకంటే రుజువు ఇంకేం కావాలి?

మళ్ళీ చేస్తే ఎత్తలేదు. అత్తమ్మకు చేద్దామంటే ఆ ఫోన్ ఇంట్లోనే మోగింది. మామయ్యకు బీపీ ఉంది. ఈ వార్త విని బండి మీద వస్తూ ఆయనకేమైనా అయితే? జాలి సంగతేమో కానీ, భయమంటే ఏమిటో నాకు ఆ నిమిషంలో తెలిసింది. దుకాణానికి పరుగెత్తుదామని లేచాను.

అప్పుడు కనిపించింది. చెప్పులను కాలితో పక్కకు నెట్టుకుంటూ, చేతిలో కూరగాయల సంచితో, అత్తమ్మ. నేను నోరు తెరవబోతే వేలు చూపించి ఆపింది. ఆడవాళ్ళందరూ నా వైపు తిరిగి ఉన్నారు. ఆమె వెనక నిలబడి, తల పంకిస్తూ, తన శోకాలు తానే శ్రద్ధగా విన్నది. సుగుణ ఆంటీ మళ్ళీ పసుపు దగ్గరికొచ్చేసరికి అత్తమ్మ ఇక ఆగలేకపోయింది.

"సుగుణా, ఆ పసుపు ముక్క మల్లొక్కసారి జెప్పు. మా ఆయన వచ్చినంక ఆయన గూడ ఇంటడు."

ఖాలా "అల్హందులిల్లా" అని దేవుణ్ణి తలుచుకుని కళ్ళు మూసుకుంది. సుగుణ ఆంటీ కాసేపు గుడ్లప్పగించి చూసి, కళ్ళు తుడుచుకుని, "ఏడ్సినప్పటి మాట లెక్కల రాదు" అంది. అంటూనే వచ్చి అత్తమ్మను వాటేసుకుంది. ఇద్దరూ రెండేళ్ళ మాటలు ఒక్కసారే మొదలుపెట్టారు.

దుకాణం షట్టరు దించేసి, వెనక మా ఆయనను ఎక్కించుకుని మామయ్య స్కూటర్ మీద వచ్చి ఆగాడు. మామయ్య ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి ఎవరిదో. అత్తమ్మను చూశాడు. అరుగు మీద కూలబడ్డాడు. నీళ్ళు తాగాడు. సంచిలోకి చూసి, "కొత్తిమీర ఎంతకిచ్చిండు?" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు నిజమైన ఏడుపు వచ్చింది. రాగం లేదు, నిలదీయడం లేదు, ముక్కు కారుతూ వెక్కి వెక్కి ఏడ్చాను. అత్తమ్మ నా వీపు నిమురుతూ, "గిదే ఏడుపు రేపటికి దాసుకో బిడ్డా" అంది.

మర్నాడు ములుగు. వాకిలి నిండా చుట్టాలు. అందరి చూపూ కొత్త కోడలి నోటి మీదే. గడప తొక్కాను, ఊపిరి పీల్చుకున్నాను, నోరు తెరిచాను.

"ఓ అత్తమ్మో..."

సాధన చేసిన నాలుక మరి. పక్కనే అత్తమ్మ నిక్షేపంగా నిలబడి ఉంది. వాకిలిలో తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. అయిపోయింది, ఆమె పరువు నా చేతుల్లోనే పోయిందనుకున్నాను. అత్తమ్మ ఒక్క ఉదుటున నన్ను దగ్గరికి లాక్కుని తన కొంగు నా ముఖం మీద కప్పేసింది.

"సూసిండ్రా, పెద్దమ్మ పోతే నేనేమైత్తనో అని నా బిడ్డ నాకోసం ఏడుస్తాంది."

ఒక ముసలామె కళ్ళొత్తుకుంది. "కోడలంటే గిట్లుండాలె. తల్లి లేని పిల్లకు తల్లి దొరికింది."

కొంగు కింద నా తలను అదుముకున్న అత్తమ్మ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. పాపం, ఎంత దుఃఖమో అని ముఖం ఎత్తి చూశాను. కళ్ళ నిండా నీళ్ళు, పళ్ళ మధ్య కొంగు, నవ్వు ఆపుకోలేక చస్తోంది. ఇక నావల్లా కాలేదు. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని వణికిపోయాం. ములుగులో అంత గాఢమైన శోకం ఈ మధ్య ఎవరూ చూడలేదట.

కాబట్టి మా పసుపు డబ్బా మీద చేయి వేసి, సుగుణ ఆంటీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో బతికున్నవాళ్ళ మీద ఏడుపు ప్రాక్టీసు చేయను. కిటికీలు మూసి ఉన్నా చేయను. అత్తమ్మ కోసం చేయాల్సిన రిహార్సల్ ఎటూ అయిపోయింది కనుక, అసలు ప్రదర్శన అవసరం రాకుండా ఆమె నూరేళ్ళూ నన్ను తిడుతూ సర్వపిండి పెట్టాల్సిందే.