ఎడమచేతి దండం

పన్నెండు మోటారు సైకిళ్లను ఒకే పొద్దున నాలుగుసార్లు ఆపించి, అందులో ఒకదాన్ని పత్తిచేనులోకి దించి, చివరికి ఒక పోలీసు జమాదారుకు సర్వీసులో ఎన్నడూ దక్కని మర్యాద దక్కేలా చేసిన మనిషి గురించి చెప్తాను. ఆ మనిషి నేనే. నేను చేసిందల్లా దేవుడికి దండం పెట్టుకోవడం. నమ్మకపోతే చివరిదాకా చదవండి. నమ్మినా చదవండి.

మా నాన్న రైల్వే ఉద్యోగం మీద నిజామాబాద్ నుంచి నాందేడ్ వచ్చాడు. నేనూ రైల్వేలోనే గుమస్తాగా చేరాను. మూడేళ్ల కింద, నలభై దాటుతున్న వయసులో, సెకండ్‌హ్యాండ్‌లో ఒక పెద్ద బండి కొన్నాను. తెచ్చిన రోజే మా ఆవిడ లావణ్యను ఎక్కించుకుని కూరగాయల మార్కెట్‌కు వెళ్లాను. అక్కడ బండి నిలబడి ఉండగానే పడిపోయింది. నడుస్తుండగా ఎవరైనా పడతారు. నిలబడి పడాలంటే ప్రతిభ కావాలి. లావణ్య వంకాయల కుప్పలోంచి లేచి చీర దులుపుకుంది.

"ఇగ నేను గీ బండి ఎక్క."

"ఒక్కసారి పడితేనే గిట్లంటవా?"

"బండ్ల సంగతి తెలిసినోళ్లు ఎవలన్న చెప్పాలె, మీకు నడుపుడు అచ్చని. గప్పుడు ఎక్కుత."

ఆ తెలిసినోళ్లు నాకు తెలుసు. మా ఆఫీసు రాజన్న ఆదివారాలు ఒక గుంపుతో బండి మీద తిరిగేవాడు. వాళ్లకొక స్టిక్కర్ ఉంది. మొదటి రైడ్ సరిగ్గా చేసినవాడి హెల్మెట్‌కు దాన్ని అతికిస్తారు. ఆ స్టిక్కర్ తెస్తానని లావణ్యకు మాటిచ్చాను. "తెచ్చినప్పుడు సూద్దాం" అని ఆమె వంకాయలు తరుక్కుంటూ అన్నది. అవే వంకాయలు.

చలికాలం ఆదివారం ఒకటి కుదిరింది. దెగ్లూర్ దగ్గర పొలంలో హుర్డా, అంటే పచ్చిజొన్న కంకులు కాల్చి, వేడివేడిగా రాల్చుకుని తినడం. పొలం గుంపు నాయకుడు అశోక్ దాదా మామగారిది. దాదా మరాఠీ మనిషి, హార్డ్‌వేర్ దుకాణం. అత్తవారు దెగ్లూర్ తెలుగువాళ్లు కాబట్టి తెలుగు మాట్లాడతాడు. బయలుదేరే ముందు అందరినీ నిలబెట్టి సైగలు నేర్పాడు.

"ముంగటోడు ఎడమ చేత్తోని హెల్మెట్ కొట్టుకున్నడంటే ముంగట పోలీసులున్నరని. ఎనకోడు సూసి తన ఎనకోనికి గదే చెప్పాలె. బండ్లు మెల్లగ చెయ్యాలె, కాగితాలు తియ్యాలె. సమ్‌జలా?"

"సమ్‌జలా" అన్నాం, అర్థమైందని. నేను మాత్రం అప్పుడు నా హెల్మెట్ బెల్టు ఎక్కడ తగిలించాలో వెతుక్కుంటున్నాను. దాదా చివరి మాట ఒక్కటే చెవిన పడింది: "కుడి చెయ్యి ఎక్సలేటర్ మీదికెళ్లి ఎప్పుడు తియ్యద్దు. ప్రాణం పోయినా తియ్యద్దు." అది బాగా గుర్తుపెట్టుకున్నాను. నా కొంప ముంచింది ఈ విధేయతే.

కొత్తవాణ్ణి కాబట్టి నన్ను దాదా వెనక రెండో బండిగా పెట్టారు. నా వెనక రాజన్న, అతని వెనక తొమ్మిది మంది. ఊరు దాటగానే మొదటి మారుతి గుడి వచ్చింది. ఈ వైపున మారుతి లేని ఊరు ఉండదు. పాతికేళ్లుగా స్కూటర్ మీద నేను ఏ గుడినీ దండం పెట్టకుండా దాటలేదు. పెట్టేది కుడి చేత్తో. ఇప్పుడు కుడి చెయ్యి తియ్యకూడదు కదా. స్వామికి మనసులో క్షమాపణ చెప్పుకుని, ఎడమ చేత్తో హెల్మెట్ తాకి గుండెల మీద పెట్టుకున్నాను.

అద్దంలో చూస్తే రాజన్న కూడా హెల్మెట్ తాకుతున్నాడు. అతని వెనక ఇంకొకడు, వాడి వెనక మరొకడు. నాకు ఒళ్లు పులకరించింది. సైలెన్సర్లు మార్పించుకుని తిరిగే ఈ మనుషుల్లో ఇంత భక్తి ఉందా అనుకున్నాను. కళ్లు చెమర్చాయి. తుడుచుకుని మళ్లీ అద్దంలో చూస్తే ఎవరూ లేరు.

దాదా ఆగాడు. నేనూ ఆగాను. పావుగంటకు మిగతావాళ్లు నత్తనడకన వచ్చారు, అందరి నోట్లో లైసెన్సులు. లైసెన్సు ఇంట్లో మరిచినతను పత్తిచేనులోంచి వచ్చాడు.

"ఏమైంది?" అన్నాడు దాదా.

"పోలీసులంటిరి గదా" అన్నాడు రాజన్న.

"ఎవలన్నరు?"

"ముంగటికెళ్లి అచ్చింది సైగ."

"ముంగట నేనే ఉన్న. నేను చెప్పలే." దాదా నావైపు తిరిగాడు. "శీను, నువ్వు చెప్పినవా?"

"నేనేం చెప్పలేదు దాదా" అన్నాను. అంత నిజం నేను ఆఫీసులో కూడా ఎప్పుడూ చెప్పలేదు.

ఆ తర్వాత మరో మారుతి వచ్చాడు, ఒక మైసమ్మ వచ్చింది, ఒక శివాలయం వచ్చింది. మూడుసార్లూ దండం పెట్టాను. మూడుసార్లూ నా వెనక భక్తి పొంగింది. మూడుసార్లూ అద్దం ఖాళీ అయింది. పత్తిచేను మనిషి చివరికి జాకెట్ నిండా దూదితో ఉన్నాడు. నేను మాత్రం వీళ్ల బండ్లలో ఏదో లోపం ఉందనుకుని జాలిపడ్డాను.

పొలం చేరేసరికి హుర్డా చల్లారి గులకరాళ్లలా గట్టిపడింది. దాదా మామగారు మొహం అటు తిప్పుకున్నారు. దాదా జేబులోంచి నా స్టిక్కర్ తీసి, చూసి, మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. లావణ్య మొహం కళ్లముందు కనబడింది. సరిగ్గా అప్పుడే పొలం గట్టున సిందూరం పూసిన చిన్న మారుతి కూడా కనబడ్డాడు. అలవాటైపోయిన ఎడమ చెయ్యి దానంతటదే లేచి, ఇంకా విప్పని హెల్మెట్‌ను తాకింది.

పదకొండు మంది చేతులు జేబుల్లో లైసెన్సుల కోసం వెళ్లాయి. వెళ్లి, అక్కడే ఆగిపోయాయి.

మామగారే ముందు నోరు తెరిచారు. "ఎడమ చేత్తోని మొక్కుతవేంది బిడ్డా?"

"కుడి చెయ్యి ఎక్సలేటర్ మీదికెళ్లి తియ్యద్దని దాదా చెప్పిండు."

ఆ సైగకు అర్థమేమిటో రాజన్న నాకు అప్పుడు చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. పత్తిచేను మనిషి భుజం మీది దూది ఏరి, ఒక్కో పింజా నా చేతిలో పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో దాదా అన్నాడు: "నువ్వు ముంగట నడువు. నీ చెయ్యి నాకు కనబడాలె." సిగ్గుతో తల ఎత్తలేదు. ఏడు గుళ్లు దాటాను. ఒక్కదానికీ చెయ్యి తియ్యలేదు. అంత పాపం ఒక్కరోజులో ఎప్పుడూ చెయ్యలేదు.

రోడ్డు చీలే ఫాటా దూరంగా కనబడింది. అక్కడ జీపు, జీపు ముందు ఒక జమాదారు. ఈసారి నిజం పోలీసు! జన్మకొక అవకాశం అనుకుని ఎడమ చేత్తో హెల్మెట్‌ను టపటపా కొట్టాను. వెంటనే బండి మెల్లగా చేసి, రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి బుద్ధిగా కూర్చున్నాను.

వెనకనుంచి దాదా కేక వినబడింది. "మల్ల మొక్కుతుండు సూడుండ్రి! మొక్కుండ్రి, అందరు మొక్కుండ్రి!"

వేగం తగ్గించకుండా, ఎగతాళిగా, నన్ను దాటుకుంటూ పదకొండు మందీ హెల్మెట్లకు చేతులు ఆనించి జమాదారు ముందు వరుసగా వచ్చారు. ఆయన ఒక్క క్షణం చూశాడు. టోపీ సర్దుకున్నాడు. మడమలు దగ్గరికి చేర్చి తిరిగి సెల్యూట్ కొట్టాడు. పదకొండు బండ్లనూ చేత్తో సాగనంపాడు.

నన్ను మాత్రం ఆపాడు.

"సగళ్యాంనీ నమస్కార్ కేలా. తుమ్హాలా కాయ్ ఝాలం?" అన్నాడు. అందరూ నమస్కారం పెట్టారు, మీకేం వచ్చింది అని.

మా లావణ్య సర్దిచ్చిన ఫైలు తీసి ఇచ్చాను. లైసెన్సు, ఇన్సూరెన్సు, అన్నీ ఆయన అక్షరం అక్షరం చదివాడు. తప్పు దొరకక మరోసారి చదివాడు.

ముందున్న చాయ్ హోటల్ దగ్గర మావాళ్లు ఆగి ఉన్నారు. దాదా నన్ను చూసి లేచాడు. "నా ఇన్సూరెన్స్ పోయిన నెలనే అయిపోయింది శీను. నిజంగనే పోలీసులని తెలిస్తే భయపడి ఆగుదుము, అందరం దొరుకుదుము. నువ్వు నిజం చెప్పినవు, మేం నమ్మలే, గందుకే బతికినం." జేబులోంచి స్టిక్కర్ తీసి నా హెల్మెట్ వెనక అతికించాడు. హోటల్ గల్లా మీది మార్కర్ అడిగి తీసుకుని దాని కింద ఏదో రాశాడు. ఏం రాశాడో ఇల్లు చేరేదాకా నాకు తెలియదు.

లావణ్య హెల్మెట్ తిప్పి మరాఠీలో పైకి చదివింది. "యాచా హాత్ పాహూ నకా." వీడి చెయ్యి చూడకండి.

జరిగిందంతా చెప్పాను. నవ్వీ నవ్వీ గుమ్మంలో కూలబడింది. తర్వాత కళ్లు తుడుచుకుని చెప్పులేసుకుంది.

"ఎక్కుతున్నవా?" అన్నాను నమ్మలేక.

"మీ సంగతి ఉన్నదున్నట్టు రాసిండ్రు. గసొంటోళ్లు స్టిక్కర్ ఇచ్చిండ్రంటే నమ్మొచ్చు. పాండ్రి, దార్ల గుళ్లకు మీ తరఫున నేను మొక్కుత."

ఇందుమూలంగా పాఠకుల సమక్షంలో ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ జన్మలో బండి మీదుండగా ఏ దేవుడికీ దండం పెట్టను. మరీ మనసు ఆగకపోతే, బండి పక్కకు తీసి, ఇంజన్ ఆపి, స్టాండ్ వేసి, అది పడిపోవడం లేదని లావణ్య చెప్పాక, రెండు చేతులతో పెడతాను.