అరవై పక్కన నాలుగు

పదకొండేళ్లుగా ఒక అంకెను మోస్తున్నాను. నాలుగు. దాని సంగతి మా ఆయనకు చెప్పలేదు, మా అమ్మకు చెప్పలేదు. గుడిలో కళ్లు మూసుకున్నప్పుడు కూడా మిగతా తప్పులన్నీ వరసగా చెప్పుకుని, ఆ ఒక్కదాని దగ్గరకు రాగానే కళ్లు తెరిచేస్తాను. మీరు నా ముఖం చూసినవారు కారు. రేపు లిఫ్టులో ఎదురుపడరు. అందుకే మీకు చెబుతున్నాను.

పాప ఇప్పుడే నిద్రపోయింది. రెండుసార్లు వెళ్లి ఊపిరి చూసి వచ్చాను. ఆరేళ్ల పిల్లకు ఊపిరి చూడటం ఏమిటని మా ఆయన నవ్వుతాడు. పాపకు ఒళ్లు వెచ్చబడిన ప్రతిసారీ నాకు డాక్టరు కంటే ముందు స్వరూప గుర్తొస్తుందని ఆయనకు తెలియదు. నాకు పడాల్సిన శిక్ష దారి తప్పి పాప దగ్గరకు వస్తుందేమోనని నా భయం. చదువుకున్నదాన్ని, ఇలా అనుకోకూడదు. అనుకుంటాను.

స్వరూప గురించి చెప్పాలంటే గోల్ఫ్ గురించి కొంచెం చెప్పాలి. ఓపిక పట్టండి.

మాది కాకినాడ. నాన్న ప్రభుత్వ ఇంజినీరు, బదిలీ మీద ఈ ఊరు వచ్చాం. డిగ్రీ చదివే రోజుల్లో నన్ను గోల్ఫ్ కోచింగులో చేర్పించారు. స్వరూపది ఖాజాగూడ. వాళ్లమ్మ అదే మైదానంలో కలుపు తీసేది. సోమవారాలు మైదానానికి సెలవు, ఆ ఒక్కరోజు పనివాళ్ల పిల్లలను ఆడనిచ్చేవారు. మిగతా రోజుల్లో స్వరూప ఎవరో పారేసిన కర్ర పట్టుకుని మైదానం అంచున, మోకాలెత్తు గడ్డిలో కొట్టుకునేది. పొడుగు గడ్డిలోంచి బంతిని లేపాలంటే పైనుంచి దించాలి. అలాగే అలవాటైంది ఆమెకు. కొడవలి దిగినట్టు దిగేది దెబ్బ, బంతితో పాటు మట్టి చెక్క లేచేది. నాది నేలను చీపురుతో తుడిచినట్టు పోయే దెబ్బ. మా కోచ్ ఆమె ఆట చూసి పిలిచి మాతో పాటు నేర్పించారు. "నీకు పద్ధతి ఉందమ్మా, దానికి చెయ్యి ఉంది," అనేవారు నాతో. మెచ్చుకుంటున్నట్టే అనేవారు. రెండో సగమే నాకు వినిపించేది.

నాకంటే ఏడాది చిన్నది. అక్కా అనేది. మా ఇంటికి వచ్చేది, అమ్మ పెట్టిన పెసరట్టు తినేది. మేం స్నేహితులం. ఆ మాట ఇక్కడ రాయడానికి కూడా సిగ్గుగా ఉంది, అయినా నిజం. స్నేహితులమే.

నా చివరి ఏడాదిలో హైటెక్ సిటీలోని ఒక కంపెనీ, గోల్ఫ్ ఆడే అమ్మాయిని ఒకరిని ఉద్యోగంలోకి తీసుకుంటామని కబురు పంపింది. ఆఫీసులో పని, ప్రాక్టీసుకు సమయం. మేం ఇద్దరమే ఉన్నాం. వానాకాలంలో ఒక ఆదివారం ఆట పెట్టారు. తక్కువ దెబ్బల్లో ముగించినవాళ్లకు ఉద్యోగం.

స్వరూప దగ్గర లాబ్ వెడ్జ్ లేదు. లాబ్ వెడ్జ్ అంటే ముఖం బాగా వెనక్కి వాలి ఉండే కర్ర, అరవై డిగ్రీలు. బంతి పైకి లేచి, ఇసుక గుంట దాటి, మెత్తగా దిగుతుంది. ఆటకు మూడు రోజుల ముందు, పాత గోల్ఫ్ సామాను అమ్మే ఒక కొట్టుకు ఇద్దరం వెళ్లాం. అక్కడ రెండు ఉన్నాయి. ఒకే కంపెనీవి, ఒకే పొడవు. ఒకదాని మీద అరవై పక్కన నాలుగు అని చెక్కి ఉంది. రెండోదాని మీద అరవై పక్కన పన్నెండు.

ఆ రెండో అంకెను బౌన్స్ అంటారు. కర్ర తల అడుగు, ముందు అంచు కంటే ఎంత కిందికి ఉబ్బి ఉందో చెప్పే లెక్క. నాలుగైతే అడుగు పలచన, అంచు నేలకు దగ్గర. ఎండిన గట్టి నేల మీద బంతి కిందికి చక్కగా దూరుతుంది. అదే గట్టి నేల మీద పన్నెండు పెడితే అడుగు తన్నుకుని పైకి లేచి బంతి నడుముకు తగులుతుంది. నేల మెత్తబడితే అంతా తిరగబడుతుంది. నాలుగు మట్టిలోకి దిగిపోతుంది, పన్నెండు జారుతుంది. పైనుంచి దించేవాళ్లకైతే ఆ ఉబ్బు ఇంకా అవసరం. వానలు, పైగా ఆమె దెబ్బ. ఏ రకంగా చూసినా పన్నెండే. ఇదంతా నేను చదివాను. ఇంగ్లీషు పుస్తకంలో, బొమ్మలతో సహా. స్వరూప చదవలేదు.

కానీ ఆమె చెయ్యి ముందు పన్నెండు మీదికే వెళ్లింది. ఇది మీకు చెప్పకుండా ఉండగలిగితే ఎంత బాగుండేది!

"ఇది మంచిగున్నదక్కా. చేతికి ఆనుతున్నది."

"అడుగు చూడు ఎంత లావుందో. బంతి కిందికి ఎలా దూరుతుంది? ఇది చూడు, బ్లేడులా ఉంది," అని నాలుగు తీసి ఇచ్చాను.

"గిట్లనా? నాకైతే గదే నచ్చింది."

"నచ్చడం వేరు స్వరూపా. ఈ నంబర్లు ఊరికే వేస్తారా?"

కొట్టు ఆయన తలెత్తి చూశాడు. "పక్కానా అమ్మా? వానల్ల ఆడేటోళ్లు పన్నెండు తీస్కపోతరు."

"ఆమె దెబ్బకు ఇదే సరిపోతుందండీ," అన్నాను.

స్వరూప నవ్వింది. "గడ్డి పీకేటోళ్ల బిడ్డను, నాకేం ఎరుక అన్నా! నాలుగే ఇయ్యి. మా అక్క చెప్పింది."

పన్నెండు ఆ గోడకు ఆనుకునే ఉండిపోయింది. అది నాకు కూడా అక్కర్లేదు, నా వెడ్జ్ నాకుంది. అయినా వచ్చేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి దాన్ని చూశాను. ఆ చూపు ఒక్కటి చాలు, పొరపాటున చెప్పానని నాకు నేను నచ్చజెప్పుకోలేకపోవడానికి.

ఎందుకు చేశాను? అసూయ అని రాస్తే సరిపోతుందా? భయం అనాలా? ఆమె గెలుస్తుందని నాకు తెలుసు. దాని వెనక ఇంకేదైనా పెద్ద కారణం దొరుకుతుందేమోనని ఇన్నేళ్లూ వెతికాను. లేదు.

ఆ మూడు రోజులూ ఆమె రేకుల షెడ్డు కింద గట్టి చాప మీద ప్రాక్టీసు చేసింది. చాప మీద నాలుగు బాగానే పలుకుతుంది. "మస్తున్నదక్కా నువ్వు చెప్పింది," అంది. శనివారం నుంచి వాన పట్టుకుంది. ఆదివారం పొద్దుటికి తెరిపిచ్చింది కానీ నేల అడుగేస్తే దిగబడుతోంది.

చివరి హోల్ దగ్గర ఆమె నాకంటే రెండు దెబ్బలు ముందుంది. జెండాకు, ఆమె బంతికి మధ్య ఒక ఇసుక గుంట. పచ్చటి మెత్తటి గడ్డి మీద బంతి కూర్చుని ఉంది. లాబ్ వెడ్జ్ తీసింది. నా వైపు చూసి కన్ను గీటింది. కొట్టింది. కర్ర బంతి వెనకే నేలలోకి దిగి ఆగిపోయింది. బంతి జానెడు కదిలింది. మళ్లీ కొట్టింది. మళ్లీ దిగింది. మూడోసారి బంతి ఎగిరి ఇసుకలో పడింది. కర్ర అంచున పిడికెడు బురద. ఆమె దాన్ని వేలితో తీసి, చేతిని లంగా ఓణీకి తుడుచుకున్నట్టు ప్యాంటుకు తుడుచుకుంది.

ఒక్క దెబ్బ తేడాతో నేను గెలిచాను.

తర్వాత చెట్టు కింద బెంచీ మీద ఇద్దరమే కూర్చున్నాం. అరచేతులు తెరిచి వాటినే చూసుకుంటోంది.

"చెయ్యి వణికిందక్కా."

వణకలేదు. నేను పది అడుగుల దూరంలో నిలబడి చూశాను. ఆ చెయ్యి ఎప్పుడూ దిగినట్టే సూటిగా దిగింది. అప్పటికైనా చెప్పి ఉండవచ్చు. ఉద్యోగం అప్పటికే నాదైపోయింది, చెప్పినా పోయేది కాదేమో. చెప్పలేదు. ఆమె చేతిని నా చేతిలోకి తీసుకున్నాను.

"టెన్షన్ పడ్డావు. పెద్ద ఆటల్లో కొందరికి అంతే."

కొందరికి. కర్ర గురించి ఆడిన అబద్ధం ఆమెకు ఒక్క ఆటనే పోగొట్టింది. ఈ మాట మొత్తం పోగొట్టింది. రెండు నెలల్లో ఆట మానేసింది.

ఆ కంపెనీలో చేరాను. అక్కడి క్యాంటీన్‌లోనే మా ఆయన పరిచయం. పెళ్లయ్యాక నేనూ ఆట వదిలేశాను, ఉద్యోగం మాత్రం ఉంది. ఈ ఫ్లాటు, ఈ వంటింటి కిటికీలోంచి కనిపించే ఖాజాగూడ రాళ్లు, పక్క గదిలో పడుకున్న పాప, అన్నీ ఆ నాలుగు మీద నిలబడి ఉన్నాయి. ఆ రోజు పన్నెండు తీసుకోమని ఉంటే పాప ఉండేదా? ఉండేది కాదు. మరి నేను పశ్చాత్తాపపడటం అంటే పాప లేకపోతే బాగుండుననడమా? ఈ ప్రశ్న దగ్గరకు వచ్చి ఆగిపోతాను. ముందుకు దారి లేదు, వెనక్కి వెళ్లే ధైర్యమూ లేదు. పదకొండేళ్లుగా ఇక్కడే ఉన్నాను.

ఈ వేసవిలో పాపను శని, ఆదివారాల గోల్ఫ్ క్యాంపులో చేర్చాడు మా ఆయన. నన్ను సంతోషపెట్టాలని, చెప్పకుండా చేర్చాడు. మొదటి రోజు బంతుల బుట్టలు ఇచ్చే కౌంటరులో స్వరూప కూర్చుని ఉంది. పెళ్లయి బోరబండలో ఉంటోందట. రోజూ రైలెక్కి హైటెక్ సిటీలో దిగి, అక్కడి నుంచి ఆటోలో వస్తుందట.

"ఓయమ్మా, మా అక్క బిడ్డనా!" అని పాపను ఎత్తుకుంది.

"నువ్వు ఆడటం లేదా?" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"నా చెయ్యి సంగతి నీకెరుకే గదక్కా."

ఆ తర్వాత వారం వారం పాపకు నా గొప్ప చెబుతూ వచ్చింది. మీ అమ్మ నాకు మంచి కర్ర ఇప్పిచ్చింది, ఆ వానల నా చెయ్యే వణికింది, నువ్వు మాత్రం భయపడొద్దు బిడ్డా అని. పోయిన ఆదివారం పాత చున్నీలో చుట్టిన ఆ వెడ్జ్‌ను తెచ్చి పాప చేతికిచ్చింది. "కురచ చేయించక్కా, బిడ్డకు సరిపోతది. నేనేం జేస్కుంట?"

తెచ్చి చెప్పుల స్టాండు వెనక పెట్టాను. పాప రోజూ బయటికి లాగుతోంది. అంకెలు చదవడం కొత్తగా వచ్చిన పిల్ల. "అమ్మా, సిక్స్టీ పక్కన ఫోర్ ఎందుకుంది?" అని అడిగింది సోమవారం. "అది కంపెనీ నంబరు నాన్నా," అన్నాను. అదే గొంతు. కొట్టులో స్వరూపతో మాట్లాడిన, అన్నీ తెలిసిన అక్క గొంతు.

ఇవాళ పెరుగన్నం తినిపిస్తుంటే మళ్లీ అడిగింది. నాకెందుకో ఇంకో అబద్ధం నోటికి రాలేదు. గిన్నెలో అన్నాన్ని మెత్తగా అదిమి, చెంచాను నిలువుగా గుచ్చాను. "ఇది నాలుగు. చూడు, దిగిపోయింది." చెంచా వీపును ఆనించి తోశాను. జారింది. "ఇది పన్నెండు."

పాప చెంచా లాక్కుని తనూ రెండూ చేసి చూసింది. "వానలో నాలుగు దిగిపోతుందా?"

"దిగిపోతుంది."

"మరి ఆంటీకి నాలుగు ఇప్పించింది నువ్వేనా?"

"నేనే."

"నీకు తెలీదా?"

"తెలుసు."

మొదటిసారి ఆ మాట నా చెవులకు వినిపించింది. పాప చెంచా ఆపి, కనుబొమలు ముడిచి, ఏదో కూడుకుంటోంది. ఎందుకు అని అడుగుతుందని భయపడ్డాను. అడగలేదు.

"అయితే ఆంటీ చెయ్యి వణకలేదా?"

"లేదు."

పాప ముఖం విప్పారింది. "శనివారం చెప్తా! ఆంటీ హ్యాపీ అవుతుంది కదమ్మా?"

మంచినీళ్లు అడిగింది, ఇచ్చాను. మూతి తుడిచాను. పడుకోబెట్టాను. చెప్పొద్దు అనే మాట నాలుక దాకా చాలాసార్లు వచ్చింది. పళ్లు తోమించేటప్పుడు, జడ విప్పేటప్పుడు, దీపం ఆర్పేటప్పుడు. అనలేదు.

ఇవాళ గురువారం. పాప కంటే ముందు నేను నోరు తెరవాలి. ఆరేళ్ల పిల్ల చేత చెప్పిస్తే, అది నేను చేసే మూడో తప్పవుతుంది. స్వరూప ఏమంటుందో తెలియదు. పాపను మళ్లీ ఎత్తుకుంటుందో లేదో తెలియదు. క్షమించమని అడిగే హక్కు నాకు లేదు, అడగను. నీ చెయ్యి వణకలేదు అని చెబుతాను. ఆ మాట ఆమెది. పదకొండేళ్లుగా నా దగ్గర ఉండిపోయింది.

కర్రను చెప్పుల స్టాండు వెనకనుంచి తీసి తలుపు పక్కన, కనిపించేలా నిలబెట్టాను.