తుమ్మకాయలు రాలే కాలంలో తాళం

మా పక్కింటి సైన్సు సారు పోయిన వారం తెల్లవారుజామున కన్నుమూశారు. "మా బాపు పోయిండన్నా" అని ఆయన కూతురు గోడ మీది నుంచి కేక వేసింది. వాడకట్టంతా ఏడ్చింది. నాకు కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా చల్లారలేదు.

ఎందుకో వినండి. బెల్లంపల్లి శివార్లో మా బస్తీ వెనక ఒక బీడు ఉంది. గడ్డి, దూరం దూరంగా తుమ్మచెట్లు. చెట్లను కాపాడతామని బస్తీ కమిటీ చుట్టూ తీగ కట్టి, గేటుకు తాళం వేసి, మేకల్ని వెళ్లగొట్టింది. అప్పటి నుంచి అక్కడ ఒక్క తుమ్మ మొక్క లేవలేదు. ముసలి చెట్లు మాత్రం ఎండుతున్నాయి.

సారు మా అరుగు మీద కూర్చుని తుమ్మకాయల్ని బ్లేడుతో చీల్చేవారు. "చూడు పాస్టర్ సాబ్" అనేవారు. నేను పాస్టర్‌ను కాను, సొంతంగా చదువుకుని వాక్యం చెప్పేవాణ్ణి. ఆ పిలుపు ఆయన ఎగతాళి. చూస్తే గింజ గింజకూ సూదిమొనంత బెజ్జం, లోపల పప్పు లేదు.

"పురుగు కాయ మీద గుడ్డు పెడ్తది. దాని పిల్ల గింజల దూరి తింటది. కాయ రాలంగనే మేక తిన్నదనుకో, ఆ పిల్ల మేక కడుపుల సస్తది. గింజ పెంటికలల్ల పడి మొలుస్తది. మేక రాకుంటె గింజంత పురుగుదే."

ఆ పురుగు నాశనం కావాలని ప్రార్థిస్తానన్నాను.

"దాని తప్పేంది? ఖాళీ ఇంట్ల కాపురం పెట్టింది. శాపం పెడ్తె తాళానికి పెట్టు."

సంచిలోని గ్రంథం తీశాను. పశువునూ పాకే పురుగునూ దేవుడు ఒకే దినాన చేశాడని ఉంది. పురుగు మీద ప్రార్థన మానుకున్నాను.

ఆయన చొక్కా జేబు నిండా తుమ్మగింజలే. ఉతికినప్పుడల్లా కూతురు తిట్టేది. మేక పెంటికలు నలిపి చూసి, అదే చేత్తో నాకు చాయ్ అందించేవారు. తాగేవాణ్ణి.

కమిటీ మీటింగులో ఆయన అడిగింది ఒక్కటే. "కాయ రాలేటప్పుడు గేటు తెరువుండ్రి. వానలు పడి మొలకలొచ్చినంక మూయుండ్రి."

"మేకల మీద గంత పావురం, గంత ప్రేమ ఉంటె రెండు కొనుక్కోరాదు సారూ?" అన్నాడు కమిటీ పెద్ద. అందరూ నవ్వారు. ఆ నవ్విన మొహాలన్నీ నాకు గుర్తున్నాయి.

ఆ మొహాలే నిన్న బీడులో సంతాప సభ పెట్టాయి. మేకలు దూరకుండా లోపలి నుంచి గేటుకు తాళం వేసి మరీ పెట్టాయి! సారు పేరు మీద నాటడానికి తెచ్చింది తుమ్మ కాదు, నర్సరీ నుంచి కోనోకార్పస్ అనే విదేశీ అలంకార మొక్క. "ప్రకృతి ప్రేమికుడు" అని మైకులో పొగిడి, నన్ను ప్రార్థన చెయ్యమన్నారు.

గ్రంథం తెరిచి అన్నాను: "ముందుగాల తాళం తియ్యుండ్రి. మేకలు లోపటికొచ్చినంకనే నేను ఆమెన్ అంట."

"సచ్చినాయన ఫొటో ముంగట గీ లొల్లేందే?" అన్నాడు కమిటీ పెద్ద.

"బతికున్నప్పుడు ఆయన మాట ఇన్నరా?"

తాళంచెవి కమిటీ పెద్ద జేబులోనే ఉంది. అప్పుడు తీగ అవతల మేకల్ని కాసే అవ్వ దోటి ఎత్తి, బయటికి వంగిన తుమ్మకొమ్మకు తగిలించి గుంజింది.

"ఏయ్ అవ్వా!" అని అరిచాడు కమిటీ పెద్ద.

"కొమ్మ బయటికున్నది బిడ్డా. దానిక్కూడ తాళమేస్తవా?"

కాయలు జలజలా రాలాయి. మంద ఎగబడింది. నేను గ్రంథం మూయలేదు, ఆమెన్ అనలేదు. మేకలు పటపటా నములుతూనే ఉన్నాయి.