రాజేశం గుడ్లు, నా దిష్టి

భివండి కామత్‌ఘర్‌లో మా పక్కింటి రాజేశం మరమగ్గాల కార్ఖానా యజమాని. ఈ మధ్య ఆయన కోడి అవసరం లేకుండా గుడ్లు పొదిగే యంత్రం కొన్నాడు. సిరిసిల్ల వైపు ఊళ్లో ఆయన అత్తగారు కోళ్లన్నీ అమ్మేస్తూ, చివరి గుడ్లను కూతురికి ఇచ్చింది. ఆ తల్లి పాత చీరలో చుట్టిన గుడ్లను రాజేశం భార్య భివండి దాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఈ మహానుభావుడు వాటిని యంత్రంలో సర్ది, వెచ్చగా ఉంటుందని కార్ఖానా గోడకున్న అర మీద పెట్టాడు.

"గోడ అదురుతుంది, లోపల పిల్లలు చస్తాయి, వేరే చోట పెట్టు" అని ఆనాడే చెప్పాను.

"ఏడ అదురుతుంది కాకా? బుక్కులు సదివి సదివి నీ తలకాయే అదురుతుంది" అని పనివాళ్ల ముందు నవ్వాడు. పుట్టిన దగ్గర్నుంచి సాంచాల, అంటే మరమగ్గాల, మోతలోనే బతికినవాడికి గోడ కదలడం ఎలా తెలుస్తుంది?

గడువు దాటినా ఒక్క గుడ్డూ చిట్లలేదు. ఈ రోజు పగలగొట్టి చూస్తే అన్నిట్లోనూ సగం పెరిగి చచ్చిన పిల్లలే. రాజేశం భార్య మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. ఆ ఇంట్లో నాకు జాలి కలిగేది ఆమె మీదే. రాజేశం మాత్రం నేరుగా మా గడప దగ్గరికొచ్చాడు.

"నీ దిష్టే తాకింది కాకా. సస్తయని మొదలే అన్నవ్ గదా."

"మరి నీ సాంచాలు ఇంకా ఎట్ల నడుస్తున్నయిరా? ముప్పై ఏండ్ల సంది వాటినే చూస్తున్న" అన్నాను.

గిర్రున తిరిగి కార్ఖానాలోకి వెళ్లిపోయాడు. మీ ఇళ్లల్లో కూడా ఏదైనా చెడిపోయి ఉంటే కింద రాయండి, ఆ నేరం కూడా నేనే ఒప్పుకుంటాను.