మజ్జిగ పోసిన పాదు

ఫీనిక్స్ పక్కన టెంపీలో చలికాలం మొహమాటానికి వచ్చిన చుట్టంలాంటిది. ఫిబ్రవరి సగం కాకముందే సర్దుకుని వెళ్ళిపోతుంది. తూర్పు రాష్ట్రాలవాళ్ళు ఇంకా వాకిట్లో మంచు ఎత్తిపోసుకుంటూ ఉంటే, ఇక్కడ వసుమతి గునపం పట్టుకుని పెరట్లోకి దిగేది. తొందరపడక తప్పదు మరి. మే నెల వచ్చిందంటే పూత పూతగానే మాడిపోతుంది. ఆలోపే బెండా, దోసా, టమాటా చేతికి రావాలి. జానెడు మట్టి కింద సున్నపురాయిలాంటి పొర, గునపం వేస్తే ఖంగుమనేది. ‘ఈ నేలకి దయాదాక్షిణ్యాలు లేవు’ అని తిట్టిపోస్తూనే పాదులు చేసేది.

ఆమె భర్త రామమోహనరావు పెరటి పనికి ఆమడ దూరం. నీళ్ళ డిపార్ట్‌మెంటులో కెమిస్టు. ఊరు తాగే నీళ్ళలో ఉప్పెంత, సున్నమెంత అని గాజు గొట్టాల్లో తేల్చడం అతని ఉద్యోగం. ఆ పనిలో వంక పెట్టినవాడు లేడు. ఇంటికొస్తే మాత్రం వంకాయ మొక్కకీ మిరప మొక్కకీ తేడా తెలియదు.

వాళ్ళకు పిల్లల్లేరు. ఆ మాట ఇద్దరూ పైకి అనుకునేవారు కాదు గానీ, లాస్ ఏంజెలస్‌లో ఎవరింట్లోనో ఏరి తెచ్చిన పండుతో మొలిపించిన కరివేప మొక్కని వసుమతి ఎలా చూసుకునేదో చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. చలి ముదిరిన రాత్రుళ్ళు దానికి తన పాత చీర కప్పేది. పులిసిన మజ్జిగ పాదులో పోసేది. ఊళ్ళో తెలుగువాళ్ళ పోపులన్నిటికీ ఆ చెట్టే దిక్కు.

ఎనభై మూడు జనవరిలో వసుమతి కడుపులో గడ్డతో ఆసుపత్రిలో చేరింది. ఆపరేషన్ చేసి మందులు ఎక్కించసాగారు. ఆ నెలలోనే గట్టి చలి పడింది. చెట్టుకి చీర కప్పాలని రావుకి తోచనే లేదు. ఆకు మొత్తం నల్లబడి రాలి, వట్టి పుల్లలు మిగిలాయి.

మందులు మొదలయ్యాక ఆమెకి అన్నం వాసన పడటం మానేసింది. పళ్ళెం చూస్తేనే మొహం తిప్పుకునేది. రోజూ అడిగేది ఒక్కటే.

“ఏమండీ, కరివేప చిగురేసిందా? నాలుగు రెబ్బలొస్తే చారు పెట్టుకురండి. దాంతో అయితే రెండు ముద్దలు తినగలను.”

“వేస్తుందిలే వసూ.”

“పాదులో పుల్ల మజ్జిగ పొయ్యండి. అదే లేస్తుంది.”

చెట్టు చిగురిస్తే మనిషి తింటుంది, తింటే లేచి కూర్చుంటుంది. అంత చదువుకున్న రావు ఈ లెక్కని గుడ్డిగా నమ్మాడు. ఇంకేం పట్టుకుని వేలాడతాడు పాపం! ఇంట్లో తోడు పెట్టే దిక్కు లేక పెరుగు ఎప్పుడో బూజు పట్టింది. సూపర్‌మార్కెట్లో బటర్‌మిల్క్ కార్టన్లు కనబడ్డాయి. చిక్కగా, పుల్లటి వాసనతో ఉంది. మజ్జిగ మజ్జిగే కదా అనుకున్నాడు. రోజూ పొద్దున ఆఫీసుకి వెళ్ళేముందు, పూజ చేసినంత శ్రద్ధగా పాదులో పోశాడు.

ఫిబ్రవరి చివర్లో కొమ్మ చివర ఎర్రటి చిగుళ్ళు పొడిచాయి. రావు ఆఫీసు మానేసి ఆసుపత్రికి పరుగెత్తాడు. చాలా రోజుల తర్వాత వసుమతి నవ్వింది. ఆ పూట ఎవరూ బతిమాలకుండానే కాస్త తిన్నది కూడా. వారం తిరక్కుండా చిగుళ్ళ అంచులు మాడటం మొదలైంది. చాలడం లేదనుకుని రావు ఇంకో కార్టన్ కలిపి పోశాడు.

పక్కవీధి విజయశ్రీ అప్పుడప్పుడు అతనికి వంట చేసి తెచ్చేది. ఆ ఆదివారం గిన్నె ఫ్రిజ్‌లో పెట్టబోయి ఆగింది.

“అన్నయ్యగారూ, ఇన్ని బటర్‌మిల్క్ కార్టన్లు కొన్నారేంటి? కేకుల్లోకి వాడతారు గానీ మనం తాగలేం. సాల్ట్ వేస్తారు దీంట్లో.”

రావు కార్టన్ తిప్పి చూశాడు. చిన్న అక్షరాల్లో ఉప్పు అని రాసి ఉంది. అసలే ఉప్పు నేల, ఉప్పు నీళ్ళు, పైన ఇది. ఊరందరి నీళ్ళలో ఉప్పు వెతికినవాడు ఈ మజ్జిగ ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని చూడలేదు. ఆరోజంతా పాదులో పైపు పెట్టి, ఉప్పు కడిగెయ్యాలని నీళ్ళు వదిలాడు. అప్పటికే ఎండ ముదిరింది. మిగిలిన చిగుళ్ళూ రాలిపోయాయి.

ఆసుపత్రిలో వసుమతి అడిగితే “వేస్తోంది” అన్నాడు. ఆమె చారు ఊసెత్తలేదు. పళ్ళెం మాత్రం మళ్ళీ పక్కకి తోసేసింది.

మార్చి మధ్యలో, ఇక చేసేదేమీ లేదని డాక్టర్లు ఇంటికి పంపించారు. కారు దిగుతూనే పెరట్లోకి తీసుకెళ్ళమంది. రావు చక్రాల కుర్చీ తోసుకెళ్ళాడు. పాదు దగ్గర ఆపి, దాచుకోలేక చెప్పేశాడు.

“ఉప్పు మజ్జిగ పోశాను వసూ. చూసుకోలేదు. నేనే చంపేశాను.”

వసుమతి వంగి కాండాన్ని గోటితో గీకింది. పచ్చదనం లేదు. మొదలు దాకా గీకి చూసింది. ఎక్కడా లేదు. చేతికంటిన పొట్టు ఒళ్ళో దులుపుకుంది.

“పోనివ్వండి,” అంది. “నేను పోయాక దీన్ని ఎవరు చూస్తారా అని మంచం మీద ఒకటే కొట్టుకునేదాన్ని. ఆ బెంగ తీరింది. ఇంక మిగిలింది మీ గురించిన బెంగ ఒక్కటే.”