మీ ఇష్టమండీ

కుక్కకి పళ్ళు తోమాలట. ఒక పూట కాదు, రెండు పూటలా తోమాలట. ఆ సంగతి మీద అయిదొందల మాటల్లో ఇంగ్లీషు వ్యాసం రాయాలి. అందులో ‘కుక్కల టూత్‌పేస్టు’ అన్న ముక్క సరిగ్గా పన్నెండు సార్లు రావాలి. పదకొండయితే తిరగ్గొడతారు, పదమూడైనా తిరగ్గొడతారు. ఏలూరు పవర్‌పేట స్టేషన్ దగ్గర ఫణికిరణ్ ఇంటర్నెట్ సెంటర్లో మూడో నంబరు క్యాబిన్లో కూర్చుని, తొమ్మిదోసారి ఆ ముక్కని ఎక్కడ ఇరికించాలా అని తస్లీమ్ జుట్టు పీక్కుంటుండగా కరెంటు పోయింది.

“సేవ్ చేశారాండీ?” అని కౌంటరు దగ్గర్నుంచి ఫణికిరణ్ అడిగాడు.

చేయలేదు. ఫణికిరణ్ మంచివాడే గానీ, ఇన్వర్టరు కొంటాను కొంటాను అని రెండేళ్ళుగా అంటూనే ఉన్నాడు. తస్లీమ్ చీకట్లో నుదురు కొట్టుకుంది. తమ వీధిలో మనుషులే ఒక పూట పళ్ళు తోముకుంటే గొప్ప. ఎక్కడో అమెరికా కుక్కల నోటి కంపు గురించి బీఏ ఇంగ్లీషు లిటరేచర్ ఫస్ట్ క్లాసులో పాసయిన పిల్ల మే నెల ఉక్కలో చెమటలు కక్కుతూ రాయాలా? రాయాలి. రాసిందాకా ఒక్క డాలరు కూడా రాదు. రాసినా ఒక్క డాలరే వస్తుంది.

అవును, వ్యాసానికి ఒక డాలరు. రెండు వేల ఎనిమిదిలో అంటే నలభై రూపాయల పైమాట. రెండు గంటలు సెంటర్లో కూర్చున్నందుకు ముప్పై అక్కడే పోతుంది. మిగిలిన పదిలో కరెంటు పోయిన రోజులు తీసేస్తే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. ఆ ఎలుక కూడా నేరుగా చేతికి రాదు. డాలర్లు పడే కార్డు ఉన్నది ఫణికిరణ్‌కే కనుక అతని అకౌంటులో పడి, అక్కణ్ణుంచి రావాలి.

ఇంత తక్కువకి ఎందుకు ఒప్పుకుందీ అంటే, అక్కడే ఉంది తిరకాసు. ఒప్పుకోలేదు. తనే పిలిచి చేతిలో పెట్టింది.

మా గోదావరి వైపు ఒక పద్ధతుంది. పనివాణ్ణి “ఎంతయ్యా?” అంటే టక్కున అంకె చెప్పడు. “మీ ఇష్టమండీ, మీకు తోచింది ఇవ్వండి” అంటాడు. ఊరికే చేస్తానని కాదు దానర్థం. భారమంతా తీసుకెళ్ళి ఎదుటివాడి పరువు మీద పెట్టాడన్నమాట. తక్కువిస్తే నలుగురిలో నామోషీ కనుక, ఆ ఇంటాయన మనసులో అనుకున్నదానికి పదో పరకో కలిపే ఇస్తాడు. పైగా ఓ హస్తం అరటిపళ్ళు కూడా పంపుతాడు. తస్లీమ్ తండ్రి తాహిర్ ముప్పై ఏళ్ళుగా ఈ మాట మీదే బతికాడు. ఇంటింటికీ వెళ్ళి పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కొత్తగా కుట్టడం ఆయన పని. కొల్లేరు పొంగిన ఏడు కొల్లేటికోటలో నానిపోయిన పరుపులన్నీ కట్ట మీద ఆరబోసి, వారం రోజులు అక్కడే పడుండి కుట్టి పెట్టాడు. ఎంతని అడిగితే మీ ఇష్టమన్నాడు. వాళ్ళ దగ్గర మాత్రం ఏముంది? కొరమీనులిచ్చారు. కానీ ఆ తర్వాత ఏ ఏడూ ఆ ఊరి నుంచి ఆయనకి పిలుపు రాకుండా పోలేదు.

అలాంటి ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల. రాతపనులు ఇచ్చిపుచ్చుకునే వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకుని, ‘మీ రేటు ఎంత?’ అన్న గడి ముందు అరగంట కూర్చుంది. అంకె వేయడానికి చెయ్యి రాలేదు. అడిగితే ఏమనుకుంటారో! చివరికి ‘మీకు తోచింది ఇవ్వండి సార్’ అని ఇంగ్లీషులో టైపు చేసింది. డెరిక్ అనే ఆ అమెరికా ఆసామి రెండు నిమిషాల్లో జవాబిచ్చాడు: ‘ఒక డాలరు. బాగుందా?’ మొహం చూసి సిగ్గుపడే మనిషైతే కదా! మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెత. మిగతా ముక్క నేను చెప్పను, మీకు తెలుసు.

పోనీ మానేయవచ్చుగా అంటారు. ఆ పిల్ల పిచ్చి ఆ పిల్లది. పదో తరగతి నుంచీ రాయడమంటే ప్రాణం. కుక్కల టూత్‌పేస్టు మధ్యలో కూడా ఎక్కడో ఒక వాక్యం చక్కగా కుదిరితే ఆ పూటంతా అన్నం అక్కర్లేదు. కానీ తల్లి హలీమాకి అన్నం అక్కర ఉంది కదా. ఏప్రిల్లోనే తేల్చి చెప్పేసింది.

“చూడవే, తాడేపల్లిగూడెంలో కాన్వెంటు వాళ్ళు టీచర్‌గా రమ్మంటున్నారు. నెలకి పద్ధెనిమిదొందలు. ఆ పద్ధెనిమిదొందలూ ఈ రాతల మీద మే నెలాఖరులోపు తెచ్చి నా చేతిలో పెట్టు, నీ జోలికి రాను. తేలేకపోయావా, జూన్ ఒకటిన బళ్ళో చేరాల్సిందే.”

చేరితే పొద్దున్నే ప్యాసింజరెక్కి పోయి, చీకటిపడ్డాక ఇల్లు చేరాలి. ఇక రాయడం ఈ జన్మకి లేనట్టే. ఆ సంగతి తస్లీమ్‌కీ తెలుసు, హలీమాకీ తెలుసు.

మే మొదట్లో దేవుడు కరుణించినట్టే కనిపించాడు. డెరిక్ ఒకేసారి యాభై వ్యాసాల పని పంపాడు. దేని మీదనుకున్నారు? పరుపుల మీద! తస్లీమ్ ఎగిరి గంతేసింది. యాభై డాలర్లు, అంటే రెండు వేల పైమాట; ఇంట్లోనే కాగితం మీద రాసుకుని సెంటర్లో టైపు మాత్రం కొడితే పద్ధెనిమిదొందలు మిగిలినట్టే. పైగా పరుపుల గురించి తన ఇంట్లో తెలిసినంత డెరిక్ వంశంలో ఎవడికి తెలుసు? సాయంత్రం తండ్రి పక్కన కూర్చుని కాగితం మీద రాసుకుంది. తాహిర్ జీవితంలో ఆయన పని గురించి ఎవరూ అలా అడిగి రాసుకోలేదు. ఆయన కూడా మురిసిపోయి చెప్పాడు.

“మూడేళ్ళకోసారి విప్పి, ఎండలో వేసి, ఏకించుకుంటే దూది పరుపు తాతలనాటిదైనా పనికొస్తదమ్మా. పాతది పారేసి కొత్తది కొనుక్కోమన్నవాడు పరుపులవాడు కాదు, కొట్టువాడు.”

పది రోజులు ఒళ్ళు దాచుకోకుండా రాసింది. కొల్లేరు వరద మీద రాసిన వ్యాసమైతే, కట్ట పొడుగునా తెల్లగా ఆరబోసిన దూదీ, దాని మీద వాలబోయే కొంగల్ని తరిమే ఆడవాళ్ళూ, అంతా కళ్ళకి కట్టింది. ప్రతి వ్యాసం చివరా తండ్రి మాట గుర్తుపెట్టుకుని, తొందరపడి కొత్త పరుపు కొనకండి, ఉన్నదాన్నే బాగుచేయించుకోండి అని కూడా రాసింది. నిజమే కదా మరి! ఇరవై అయ్యాక పంపింది.

మర్నాడు ఇరవైకి ఇరవై తిరిగొచ్చాయి. ‘మా క్లయింటు పరుపులు అమ్ముకునే కంపెనీ. కొనొద్దని చెప్పే వ్యాసాలకి వాళ్ళు డబ్బులిస్తారా? కొల్లేరూ అదీ తీసేసి, మొత్తం మళ్ళీ రాయండి’ అని డెరిక్.

తస్లీమ్‌కి ఒళ్ళు మండిపోయింది. ఆ మంటలో మొదటిసారి నోరు తెరిచి అడిగింది. రెండుసార్లు రాయాలంటే వ్యాసానికి మూడు డాలర్లు కావాలని రాసింది. జవాబు వెంటనే వచ్చింది: ‘నా ఇష్టం అన్నది మీరే కదా. నా ఇష్టం ఒక డాలరు.’ పక్కన నవ్వుతున్న మొహం బొమ్మ ఒకటి.

తస్లీమ్ కంప్యూటరు కట్టేసి, ఇంటికొచ్చి, చెప్పులు విసిరి, గుమ్మంలో దూది దులుపుకుంటున్న తండ్రి మీద పడింది.

“నీ ‘మీ ఇష్టం’ నా కొంప ముంచింది నాన్నా! జన్మలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి నీ పనికి రేటు చెప్పావా? నువ్వు చెప్పుంటే నాకూ నోరొచ్చేది. కొరమీనులు! అరటిపళ్ళు! ఇవేనా మన బతుకు?”

“నాన్నని అంత మాటంటావే?” అని హలీమా కసిరింది గానీ, మళ్ళీ తనే, “అయినా అదన్నదాంట్లో తప్పేముందండీ? అడగందే అమ్మైనా పెట్టదంటారు” అంది.

తాహిర్ భుజం మీది దూది పోగుని తీసి వేళ్ళ మధ్య నలిపి, లోపలికెళ్ళిపోయాడు. అన్నాక తస్లీమ్‌కి ఏడుపొచ్చింది. ఆయన్ని అనాల్సిన మాట కాదది, నిజమైనా సరే.

మే ఇరవై ఎనిమిది. నెలంతా కలిపి చేతికొచ్చింది కుక్కల పళ్ళ డబ్బు, అంతే. ఆ వేళ నాలుగింటికి కాన్వెంటుకి వెళ్ళి సరేనని చెప్పి రమ్మంది హలీమా. తాహిర్‌కి కూడా గూడెంలోనే పని పడింది. రైసు మిల్లు గంగాధరరావు గారింట్లో ఆరు పరుపులు. తండ్రీకూతుళ్ళిద్దరూ ఒకే ప్యాసింజరెక్కారు. దెందులూరు, భీమడోలు, పూళ్ళ. ప్రతి స్టేషన్లోనూ చెరో కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

నాలుగింటిదాకా ఎండలో ఎక్కడ తిరుగుతుంది? మిల్లాయన వరండాలోనే ఒక మూల కూర్చుంది. తాహిర్ పరుపు కుడుతున్నాడు. భోజనం చేసి వచ్చిన గంగాధరరావు పడక్కుర్చీలో కూలబడి, “ఏమయ్యా తాహిరూ, అమ్మాయేం చేస్తోంది?” అని పలకరించాడు.

“రాస్తదండీ. ఇంగ్లీషులో” అన్నాడు తాహిర్. సూది దారాలు పెట్టుకునే సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి, రెండు చేతుల్తో ఇచ్చాడు.

తస్లీమ్ ఉలిక్కిపడింది. కొల్లేరు వ్యాసం! ఇంగ్లీషు అక్షరం ముక్క రాని మనిషి ఫణికిరణ్ దగ్గరికెళ్ళి, తన డబ్బులు పెట్టి ప్రింటు తీయించుకున్నాడన్నమాట. అదీ తను తిట్టిన తర్వాత.

గంగాధరరావు కళ్ళజోడు సర్దుకుని పెదాలు కదుపుతూ చదివాడు. కాగితం తిప్పాడు. మళ్ళీ మొదట్నుంచి చదివాడు.

“అమ్మాయ్, నాకు అర్థమైందే! మొత్తం అర్థమైంది!” అన్నాడు కుర్చీలో ముందుకు జరిగి. “ఇంగ్లీషంటే అర్థం కాకుండా ఉంటేనే గొప్పేమో అనుకుంటున్నాను. మా మిల్లుకి వెబ్‌సైటు చేయించాను, అందులో ఒక్క ముక్క బోధపడదు. దా, చూద్దువుగాని.”

లోపల కంప్యూటరు మీద మిల్లు ఫోటోలు బ్రహ్మాండంగా ఉన్నాయి. వాటి కింద ఉన్నవి చూసి తస్లీమ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“ఇది ఇంగ్లీషు కాదండీ. ఏ భాషా కాదు. అక్షరాలు పేజీలో ఎలా అమరుతాయో చూడ్డానికి ముందు ఇలాంటి ఉత్తుత్తి మాటలు పోస్తారండి. తర్వాత తీసేసి అసలు సంగతి రాసుకోవాలి. మీకు చేసినవాళ్ళు రాయకుండా వదిలేశారు.”

“ఓరి మీ దుంపతెగా! మూడు నెలల్నుంచి బియ్యం కొనే దుబాయ్ వాళ్ళకి ఈ అడ్రసున్న కార్డులు పంచుతున్నానే! ఒక్కడూ ఫోన్ చెయ్యడేంటా అనుకుంటున్నా!” గంగాధరరావు రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు. ఆ చికాకు అణిగాక వరండాలోకి వచ్చి, “అమ్మాయ్, అదంతా నువ్వు రాసిపెట్టు. పది పేజీలుంటుంది. ధాన్యం ఎక్కడిది, ఎలా ఆడతాం, అన్నీ నాకర్థమయ్యే ఇంగ్లీషులో రాయాలి. ఈ వారంలోనే ఇచ్చేస్తాను డబ్బులు. ఎంత తీసుకుంటావు?” అన్నాడు.

రెండు వారాలుగా ఈ ప్రశ్నకి అద్దం ముందు జవాబు చెప్పుకుంటోంది తస్లీమ్. అంకె నాలిక చివరే ఉంది. కానీ ఎదురుగా పెద్దాయన, తండ్రిని పిలిచి పనిచ్చే ఇల్లు, ఇంకా ఆయన చేతిలోనే ఉన్న కొల్లేరు కాగితం.

“మీ ఇష్ట...” అని నోటిలోంచి వచ్చేసింది. ఛీ, ఏం పుట్టుక! అక్కడికక్కడే నాలిక కొరికేసుకోవాలనిపించింది.

“పేజీకి మూడొందలండీ.”

ఆ మాటన్నది తాహిర్. తల ఎత్తలేదు. పరుపు అంచులో గుచ్చిన సూది అలాగే ఉంది.

గంగాధరరావు ఆయన వైపు తిరిగాడు. పాతికేళ్ళుగా ఆ వరండాలో పరుపులు కుట్టిన మనిషి నోట ఏనాడూ అంకె వినలేదాయన.

“నువ్వేనా తాహిరూ? రేటు చెబుతున్నావా?”

“అవునండీ. ఒకటికి రెండుసార్లు రాయిస్తే దానికి వేరే అండీ” అన్నాడు తాహిర్.

గంగాధరరావు కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత నవ్వాడు. “సరేనయ్యా, మూడొందలే. ఎల్లుండి పొద్దున సగం చేతిలో పెడతాను, పని అయ్యాక సగం. ఏమ్మా, సరేనా?”

పది పేజీల డబ్బులో సగమంటే పదిహేనొందలే, అమ్మ అడిగినదానికి ఇంకా మూడొందలు తక్కువ. “మొత్తం ఎల్లుండే ఇప్పించండి. రేపటికల్లా రాసిస్తాను” అంది తస్లీమ్. ఆ గొంతు ఎవరిదా అని తనే ఆశ్చర్యపోయింది. గోడ గడియారంలో నాలుగు దాటి పది నిమిషాలైంది. చూసింది గానీ, లేవలేదు.

“అబ్బో, తండ్రిని మించిపోయిందే! సరే, అలాగే” అని గంగాధరరావు లేవబోయి, మళ్ళీ ఆగాడు. “అవునూ, రేట్లలోకి దిగావు కదా తాహిరూ, మరి ఈ ఆరు పరుపులకీ ఎంత?”

తాహిర్ సూది లాగి, దారం పళ్ళతో కొరికి, ముడి వేశాడు.

“పరుపులదేముందండీ, మీ ఇష్టం” అన్నాడు.