మల్లమ్మ సంచిలోని తవుడు

కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. ఇన్నేళ్లు ఒక్కదాన్నే మోశాను. మీరు నన్నెరగరు, అందుకే మీ ముందు దించుకోవడానికి కొంత ధైర్యం వచ్చింది.

ఎనభైల చివర్లో మిర్యాలగూడ కాలేజీలో చదువుకునేదాన్ని. మా జువాలజీ సార్ పరిశోధన కోసం ఎలుకలను పెంచేవారు. తిండిలో బి6 విటమిన్ లేకపోతే మెదడును శాంతపరిచే రసాయనం తగ్గి మూర్ఛలొస్తాయి. అది చూపించడమే ఆయన పని. వాటికి మేత పెట్టడం నా పని. తవుడులో ఆ విటమిన్ ఉంటుంది, పొరపాటున కూడా తగలనివ్వొద్దని మొదటే చెప్పారు.

బోనులు కడిగే మల్లమ్మ రోజూ వచ్చేదారిలో రైస్ మిల్లు నుంచి బర్రెకు తవుడు తెచ్చుకుని, సంచిని ల్యాబ్ వాకిట్లో పెట్టేది. ఒకరోజు ఒక ఎలుక మెడ విరుచుకుని, కాళ్లు కొట్టుకుంటూ పడిపోయింది. చూడలేకపోయాను. ఆమె సంచిలోంచే గుప్పెడు తవుడు తీసి అన్ని బోనుల్లో వేశాను. తర్వాత కూడా వేస్తూ పోయాను. జాలే అనుకుంటున్నాను. మరి అంత జాలిగలదాన్ని, ఈ హింస ఆపండని సార్ ముఖం మీద ఎందుకు అనలేకపోయాను?

మూర్ఛలు ఆగిపోయాయి. సార్ వెతికితే బోనుల్లో తవుడు దొరికింది. మల్లమ్మ ఒట్టేసింది, ఏడ్చింది. తవుడు తెచ్చేది ఆమె ఒక్కతే కదా అన్నారు మిగతా విద్యార్థులు. సార్ నన్నడిగితే నాకేమీ తెలియదన్నాను. నిజం చెబితే కాలేజీలోంచి పంపించేస్తారు, ఇంట్లో చదువు మాన్పించి కూర్చోబెడతారు. ఆ భయమే. ఆ రోజే ఆమెను పనిలోంచి తీసేశారు. మగదిక్కు లేని మనిషి, కొన్నాళ్లకు బర్రెనూ అమ్ముకుందని విన్నాను.

తొంభైల్లో, సూర్యాపేటలో టీచరునయ్యాక, కోదాడ బస్టాండులో జామకాయల గంప ముందు కనిపించింది. నేను తప్పుకోబోయాను. ఆమే పిలిచి, మంచి కాయ ఏరి చేతిలో పెట్టింది.

"అందరు నా మీదనే చెప్పిన్రు బిడ్డా. నువ్వొక్కదానివే చెప్పలే. నిన్ను మర్వలే."

"బస్సొచ్చింది మల్లమ్మా, పోయొస్త," అన్నాను. బస్సు రాలేదు. అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఆమె కళ్లలో మంచిదానిగా మిగిలిపోవాలని ఆశపడ్డాను. మొదటి తప్పు కన్నా ఇదే నన్ను ఎక్కువ తినేస్తోంది.

ఆమె ఇప్పుడుందో లేదో తెలియదు. మీరు క్షమించినా అది చెల్లదు. మల్లమ్మ ఏ పాపమూ ఎరగదు. తవుడు పెట్టింది నేను. అనేశాను. సిగ్గు పోలేదు, ఊపిరి మాత్రం కొంచెం ఆడుతోంది.